కర్ర ఉన్నోడిదే కొండా?

ఆస్తి హక్కు పవిత్రమే.. మరి ఆ ఆస్తి చేతికెలా వచ్చినట్టు?

భువనేశ్వర్‌లో 2023 నవంబరు 14న రాష్ట్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని గిరిజనులు సబ్ కలెక్టర్ లిఖితపూర్వక అనుమతితో తమ భూమిని గిరిజనేతరులకు అమ్ముకోవచ్చు. ఇల్లు కట్టుకోవడానికో, పిల్లల పైచదువులకో, వ్యాపారానికో తాకట్టు పెట్టుకోవచ్చు. అమ్మినవాడికి సెంటు భూమి కూడా మిగలని పరిస్థితి రాకూడదని షరతు పెట్టారు. షరతు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గిరిజన సంఘాలు, ప్రతిపక్షాలు భగ్గుమన్నాయి. కొద్ది రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గి నిర్ణయాన్ని పక్కన పెట్టేసింది.

నిర్ణయం ఆగింది గానీ దాని వెనకున్న తగాదా ఆగలేదు. రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తాతల కాలం నుంచి ఉన్నాయి. పట్టణంలో కొట్టు, ఊరి చివర నాలుగెకరాల పల్లం.. ఇదీ చాలామంది ఆస్తి. కొందరి దగ్గర కాగితం గట్టిది. కొందరిది నోటి మాట మీద సాగు. గిరిజనుడి పేరున బినామీగా నడిచే వ్యవహారాలూ ఉన్నాయి, ఇది ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. 'డబ్బిచ్చి కొనుక్కున్నాం, మా ఆస్తి జోలికి రావడానికి సర్కారెవరు?' అన్నది ఒక వైపు మాట. 'మా దగ్గర్నుంచి అసలెలా పోయిందో ముందు అది చెప్పండి' అన్నది రెండో వైపు మాట.

రచ్చబండ తగాదాలా కనిపిస్తుంది. కానీ ఇదే పేచీ మీద అమెరికా విశ్వవిద్యాలయాల్లో యాభై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్నారు, ఇంకా తెగలేదు.

ముందు చెయ్యెత్తిందెవరు?

అక్కడ లిబర్టేరియన్ వాదం అని ఒకటుంది. తెలుగులో స్వేచ్ఛావాదం అనుకోవచ్చు. సూత్రం చిన్నదే. ఎవరి ఒంటికి, ఎవరి కష్టార్జితానికి వాళ్లే యజమానులు. ఎదుటివాడి మీద ముందుగా చెయ్యెత్తకూడదు. ముందుగా చెయ్యెత్తినవాణ్ని అడ్డుకోవడానికి మాత్రమే బలం వాడొచ్చు. సంక్షేమం పేరు చెప్పి ప్రభుత్వం లాక్కున్నా అది దౌర్జన్యమే. హార్వర్డ్ ఆచార్యుడు రాబర్ట్ నోజిక్ 1974లో 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా' పుస్తకంలో ఈ వాదానికి పెద్ద పీట వేశారు. ముర్రే రాత్‌బార్డ్ అనే ఆర్థికవేత్త 1982 నాటి 'ది ఎథిక్స్ ఆఫ్ లిబర్టీ'లో ఇంకో అడుగు ముందుకేసి అసలు ప్రభుత్వమే అక్కర్లేదన్నారు. నోజిక్ మాత్రం కాపలాదారు పాటి చిన్న ప్రభుత్వాన్ని ఒప్పుకున్నారు.

మనకిది పూర్తిగా పరాయి సరుకేం కాదు. ఉమ్మడి వ్యవసాయం పేరుతో రైతు భూమి లాగేసుకుంటారన్న భయంతో 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడైంది నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా. అదే పార్టీ నాయకుడు ఆర్.ఎన్.సింగ్‌దేవ్ 1967 నుంచి 1971 దాకా ఒడిశాకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. విచిత్రమేమిటంటే, ఆస్తి హక్కును భుజానికెత్తుకున్న పార్టీ అక్కడ ఏలుతున్న రోజుల్లోనే సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం కొండల్లో భూమి కోసం తుపాకులు పేలాయి.

సూత్రం వినడానికి సాఫీగానే ఉంది. చిక్కంతా 'ముందుగా' అన్న మాటలో ఉంది. ఒక పొలంలో గొడవైంది. పొలం కాగితం ఉన్నవాడిదైతే నాగలితో దిగిన గిరిజనుడు దౌర్జన్యం చేసినట్టు. పొలం గిరిజనుడిదైతే ఇన్నేళ్లూ కంచె కట్టుకుని కూర్చున్నవాడే దౌర్జన్యం చేస్తున్నట్టు. చెయ్యి ముందెవరెత్తారో చెప్పాలంటే పొలం ఎవరిదో తేలాలి. పొలం ఎవరిదో తేలాలంటే పాత దౌర్జన్యాల చిట్టా విప్పాలి. గానుగెద్దులా తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే రావాలి.

నారాయణపట్నా 2009

కొరాపుట్ జిల్లాలోని నారాయణపట్నా, బంధుగాం బ్లాకులు పార్వతీపురం మన్యానికి పొరుగునే ఉంటాయి. అక్కడ చాసీ ములియా ఆదివాసీ సంఘం మొదట సారా మీద, వెట్టి మీద పోరాటం చేసింది. నాయకుడు నాచికా లింగ కూడా ఒకప్పుడు వెట్టి చేసినవాడే. 2009లో సంఘం భూమి మీదికి మళ్లింది. గిరిజనేతరుల సాగులో ఉన్న పొలాల్లోకి వందలాది మంది దిగి దున్నేశారు, నాట్లేశారు. 'ఇది ఆక్రమణ కాదు, మా నుంచి లాక్కున్నది తిరిగి తీసుకుంటున్నాం' అన్నది వాళ్ల వాదన. ఊళ్ల నుంచి గిరిజనేతరులు పారిపోయారు. పోటీగా శాంతి కమిటీ పుట్టుకొచ్చింది. ఆ ఏడాది నవంబరు 20న నారాయణపట్నా పోలీస్‌స్టేషన్ దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. స్టేషన్ మీద దాడికి వచ్చారని పోలీసులన్నారు. గాలింపు పేరుతో ఊళ్లలో సాగుతున్న ఆగడాల గురించి నిలదీయడానికి వెళ్లామని సంఘం అంది.

వీళ్లలో ఎవరిది తప్పు? దీన్ని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆస్తి మీద దాడి కాబట్టి తప్పంటారు ఒకరు. దోపిడీ సొమ్ము కాబట్టి ఒప్పంటారు ఇంకొకరు. ఆస్తి హక్కును అందరికంటే గట్టిగా పట్టుకునే స్వేచ్ఛావాదుల పుస్తకాలు తిరగేస్తే మాత్రం ఈ రెండు జవాబులూ నిలబడవు.

నోజిక్ లెక్కలో ఆస్తి న్యాయమైనది కావాలంటే రెండు దారులే. ఎవరిదీ కానిదాన్ని న్యాయంగా సొంతం చేసుకోవాలి. లేదా న్యాయంగా సొంతమైనవాడి దగ్గర్నుంచి అతని ఇష్టంతో పొందాలి. ఈ గొలుసులో ఒక్క లంకె మోసంతోనో బలవంతంతోనో పడినా దాన్ని సరిదిద్దాలి. ఇది ఆయన మూడో సూత్రం. ఇప్పుడున్న ఆస్తులన్నీ పవిత్రమని నోజిక్ చెప్పినట్టు చాలామంది అనుకుంటారు గానీ ఆయన అలా అనలేదు. పైపెచ్చు సరిదిద్దడం ఎలాగో పూర్తిగా చెప్పే సిద్ధాంతం తన దగ్గర లేదని ఒప్పుకున్నారు. పాత అన్యాయాలు మరీ పెద్దవైతే వాటిని సరిచేయడానికి కొంతకాలం పెద్ద ప్రభుత్వమే కావాల్సి రావచ్చని కూడా రాశారు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలన్న పెద్దమనిషి నోట ఈ మాట రావడం మామూలు విషయం కాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. 1958లో ఒక గిరిజన రైతు కూతురి పెళ్లికి షావుకారు దగ్గర యాభై రూపాయలు తెచ్చాడు. వడ్డీ పెరిగింది. అప్పు తీర్చడానికి కొడుకును 'గోతి'గా పెట్టాడు. కొరాపుట్ వైపు అప్పు కింద చేసే వెట్టిని అలాగే అంటారు. అయినా అప్పు తీరలేదు. ఓ రోజు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, మూడెకరాల పల్లం పోయింది. 1985లో షావుకారు కొడుకు ఆ పొలాన్ని ఒక చిన్న వ్యాపారికి అమ్మాడు. వ్యాపారికి ఈ కథేదీ తెలియదు. కష్టపడి కూడబెట్టిన డబ్బిచ్చాడు, గట్లు వేశాడు, బావి తవ్వాడు. ఇవాళ పొలం గట్టు మీద ఒక వైపు వ్యాపారి మనవడు కాగితంతో నిలబడ్డాడు. ఇంకో వైపు గిరిజనుడి మనవడు తాత చెప్పిన మాటతో నిలబడ్డాడు.

ఆ వేలిముద్రను ఇష్టంతో వేసిన సంతకం అనగలమా? గోతి పద్ధతిని ఒడిశాలో 1948లోనే నిషేధించారు. 1976లో దేశమంతటికీ వెట్టి నిషేధ చట్టం వచ్చింది. కొడుకు మెడ మీద కత్తి ఉండగా తండ్రి చేసిన సంతకం ఒప్పందం కాదని స్వేచ్ఛావాదులే ఒప్పుకోవాలి. కొరాపుట్‌లో ఉద్యోగం చేసిన గోపీనాథ్ మహంతి 1945లో రాసిన 'పరజా' నవల ఈ అప్పు కథే. అందులో భూమి పోగొట్టుకున్న కుటుంబం చివరికి షావుకారును గొడ్డలితో నరుకుతుంది. నారాయణపట్నా కంటే అరవై నాలుగేళ్ల ముందు మాట.

రుజువు భారం ఎవరి మీద?

రాత్‌బార్డ్ దగ్గర దీనికి ఒక చేతి గడియారం ఉదాహరణ ఉంది. దొంగ గడియారం తెలియక కొన్నా సరే, అసలు సొంతదారు దొరికితే ఇచ్చెయ్యాల్సిందే. కొన్నవాడు తన డబ్బు అమ్మినవాడి దగ్గర వసూలు చేసుకోవాలి. తనది కానిది ఎవడూ అమ్మలేడు కదా. భూమికీ ఇదే వర్తిస్తుందంటాడాయన. లాటిన్ అమెరికాలో దొరల కింద ఉన్న భూములకు అసలు యజమానులు తరతరాలుగా వాటిని దున్నిన రైతులేనని రాశాడు. ఎర్రజెండా వాళ్లు అంటే ఆశ్చర్యం లేదు, పెట్టుబడిదారీ విధానాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి అన్న మాట ఇది.

అయితే ఒక మెలిక పెట్టాడు. దొంగతనం జరిగిందని రుజువు చేయాల్సిన బాధ్యత అడిగేవాడిదే. బాధితుడెవరో, వారసులెవరో తేలకపోతే, ఇప్పుడున్నవాడు స్వయంగా దొంగ కాకపోతే, ఆస్తి అతనిదే.

సరిగ్గా ఇక్కడే మన ఏజెన్సీ చట్టం అడ్డం తిరుగుతుంది. కొరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కొండలకు ఒకటే చట్టం, 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం. వడ్డీ ఏడాదికి 24 శాతం మించకూడదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండ తెగల భూమి మైదానంవాళ్లకు బదిలీ అయితే చెల్లదు. చట్టం పేరులోనే వడ్డీనీ భూమినీ పక్కపక్కన పెట్టారంటే భూమి ఏ దారిన పోతోందో నాటి దొరలకు బాగానే తెలుసన్నమాట. తర్వాత ఒడిశా 1956లో, ఆంధ్రప్రదేశ్ 1959లో సొంత నిబంధనలు తెచ్చుకున్నాయి.

1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. నిందితులు మరుసటి ఏడాదే నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. సాయుధ పోరాటం, ఎన్‌కౌంటర్లు, 1970 జులైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణం. ఆ మంటల మధ్యే 1970 ఫిబ్రవరిలో ఒకటిబై డెబ్భై చట్టం అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందు భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది గిరిజనేతరుడే అంది ఆ చట్టం. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒడిశా కూడా 2002లో సవరణ చేసి గిరిజనేతరులకు బదిలీని పూర్తిగా ఆపేసింది. 1956 అక్టోబరు 4 తర్వాత గిరిజనుల భూమి ఎవరి చేతిలో ఉన్నా, అదెలా వచ్చిందో వాళ్లే సబ్ కలెక్టర్‌కు చెప్పుకోవాలంది.

ఇది స్వేచ్ఛావాదికి మింగుడుపడదు. నేరం రుజువు కాకముందే దొంగ అన్నట్టుందంటాడు. కానీ కాగితాలు రాసేవాడు, చదివేవాడు, దాచేవాడు అన్నీ ఒక పక్షమే అయినప్పుడు చదువురాని పక్షాన్ని రుజువు తెమ్మనడం ఎలాంటి న్యాయం? రికార్డులు ఉన్నది రెవెన్యూ ఆఫీసులో, కోర్టు ఉన్నది పట్టణంలో, వకీలు మాట్లాడేది వేరే భాష. ఆస్తి హక్కు అందరికీ సమానమైతే దాన్ని నిరూపించుకునే వీలు కూడా సమానంగా ఉండాలి. ఆ వీలు లేనిచోట భారాన్ని అటు నుంచి ఇటు మార్చడం ఆస్తి హక్కుకు వ్యతిరేకం కాదు, దాన్ని నిజంగా అమలు చేయడమే. 2023లో తలుపు తెరుస్తామన్న ప్రభుత్వం ఈ పాత లెక్కలు తేలకుండానే తెరవబోయింది. గొడవకు అసలు కారణం అదే.

కొండకు ముందు సర్కారే యజమానా?

పల్లం సంగతి ఇలా ఉంటే కొండవాలు సంగతి మరీ అన్యాయం. లిబర్టేరియన్ల మూల పురుషుడు జాన్ లాక్ లెక్క ప్రకారం ఎవరిదీ కాని నేలలో మొదట చెమటోడ్చినవాడిదే ఆ నేల. ఆ లెక్కన కొండ మీద పోడు కొట్టినవాడే సొంతదారు. సర్వేలు చేసినప్పుడు మాత్రం వాలు భూముల్ని పెద్ద ఎత్తున సర్కారు భూమిగా రాసేసుకున్నారు. రెండు మూడేళ్లు సాగు చేసి కొన్నేళ్లు బీడు వదిలే పద్ధతి పోడుది. బీడున్న ఏళ్లలో అది ఎవరిది? సముద్రంలో డబ్బాడు టమాటా రసం పోస్తే సముద్రం నాదవుతుందా అని నోజిక్ వేళాకోళంగా అడిగింది ఇలాంటి చిక్కునే. చెమట ఎంత దూరం పాకితే హక్కు అంత దూరం పాకుతుందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అసలు లాక్ మాటల్నే అడ్డుపెట్టుకుని అమెరికాలో తెల్లవాళ్లు ఆదివాసీల వేట భూముల్ని ఖాళీ భూములన్నారు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాక 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు పత్రం ఇవ్వొచ్చన్నారు. అదీ వారసులకు వెళ్లేదే గానీ అమ్మడానికి వీల్లేదు.

స్వేచ్ఛావాదుల వాదనలో పస ఉన్నది ఇక్కడే. అమ్ముకోలేనిది ఆస్తి ఎలా అవుతుంది? పట్టణంలో ఇంటి మీద లక్షల అప్పు పుడుతుంది. కొండ కింద ఐదెకరాలున్న గిరిజనుడి కొడుకు ఇంజినీరింగ్ చదవాలంటే ఆ భూమి అక్కరకు రాదు. గిరిజనుడు ఎప్పటికీ మైనరేనా అని అడిగితే దానికి జవాబు చెప్పాలి. ఇతర గిరిజనులకు అమ్ముకోవచ్చుగా అంటారు గానీ కొనేవాళ్లు తక్కువైతే ధరా తక్కువే. ఆ నష్టాన్ని భరిస్తున్నది రక్షణ పొందుతున్నవాడే.

కానీ ఇదే వాదం చేసేవాళ్లు 1950ల నాటి ఉదాహరణను మళ్లీ ఒకసారి చదవాలి. అమ్మే స్వేచ్ఛకు, అమ్మక తప్పని పరిస్థితికి మధ్య గీత గీసేది సబ్ కలెక్టర్ సంతకమేనా? 1956 నుంచి 2002 దాకా అనుమతితో అమ్మకాలు నడిచాయి. ఆ కాలంలోనే ఇప్పటి తగాదాల్లో చాలా భాగం పుట్టింది. పిల్లల చదువుకు అప్పు కావాలంటే భూమి అమ్మకం ఒక్కటే దారి కాదు. ఆ లోటు తీర్చాల్సింది బ్యాంకులు, ప్రభుత్వం.

తిరిగి తీసుకునేదెవరు?

ఇంత చెప్పాక నారాయణపట్నాలో జరిగింది సరైనదే అనాలా? భూమి గిరిజనులదే అయినా దాన్ని తిరిగి తీసుకునే పద్ధతి వేరే ప్రశ్న. రాత్‌బార్డ్ సైతం బలానికి కొలత ఉండాలన్నాడు. బబుల్‌గమ్ దొంగిలించిన కుర్రాణ్ని కొట్టువాడు కాల్చి చంపితే కొట్టువాడే పెద్ద నేరస్తుడన్నాడు. నోజిక్ బెంగ ఇంకోటి. తన కేసుకు తానే జడ్జి అయ్యేవాడు పొరపాటున పక్కవాడి మెడ పట్టుకోవచ్చు. నారాయణపట్నాలో అదే జరిగింది. ఊళ్లు విడిచి పారిపోయినవాళ్లలో షావుకార్లే కాదు, దళిత కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లలో వేలిముద్రలు వేయించుకున్నదెందరు, కూలి చేసుకు బతికేదెందరు అన్నది నాగళ్లతో దిగిన గుంపు విడదీసి చూడలేదు.

అయితే తీర్పరి దగ్గరకు వెళ్లండి అని చెప్పేముందు తీర్పరి ఎవరో చూడాలి. కొండవాలును తన పేరున రాసుకున్నదీ, అనుమతి సంతకాలు పెట్టిందీ, లేవిడి కేసును కాపాడుకోలేకపోయిందీ, నారాయణపట్నాలో తూటా పేల్చిందీ అదే సర్కారు. తగాదాలో తానూ ఒక కక్షిదారు. నియంగిరి వ్యవహారంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న గ్రామసభలను అడగమంది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. కర్రలు, తూటాలు లేకుండా కొండ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికిన సందర్భం ఈ ప్రాంతంలో అరుదుగా కనిపిస్తుంది.

1985లో పొలం కొన్న చిన్న వ్యాపారి సంగతి మిగిలింది. అతను దొంగ కాదు. అయినా గొలుసులో మొదటి లంకె తెగింది కాబట్టి పొలం అతనిది కాదు. అతని బావికి, గట్లకు, ఇచ్చిన డబ్బుకు పరిహారం ఎవరివ్వాలి? అమ్మిన షావుకారు వారసులు ఇవ్వాలి. వాళ్లు దొరక్కపోతే, అనుమతి లేని బదిలీని రిజిస్టరు చేసిన ప్రభుత్వం ఇవ్వాలి. ఇప్పుడున్న చట్టాల్లో భూమి తిరిగి ఇప్పించడానికి దారి ఉంది గానీ ఈ పరిహారానికి దారి లేదు. అందుకే తెలియక కొన్నవాడు, తెలిసి కొన్నవాడు ఒకే గట్టు మీద చేరి చట్టాన్నే ఎత్తేయమంటున్నారు. సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాలు భువనేశ్వర్‌లో అడగాల్సింది చట్టం ఎత్తివేత కాదు, ఈ ఇద్దరినీ విడదీసే విచారణ. 2002 సవరణ తర్వాత రెండేళ్లలో అందాల్సిన వివరాలు ఎన్ని అందాయి, ఎన్నింటిపై విచారణ పూర్తయింది అన్న జాబితా తహసీల్ ఆఫీసుల వారీగా బయటపెట్టమంటే ఎవరి భూమి ఏ గొలుసులో ఉందో ఊళ్లోనే తెలుస్తుంది.